చెల్లి సికిల్ సెల్ కార్డు సంగతి పెళ్ళివాళ్ళకు చెప్పాలా, వద్దా?

సిరొంచ_అక్క:

అందరికీ నమస్తే. మాది సిరొంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పెద్ద జబ్బు చేస్తే నది దాటి మంచిర్యాలకు పరుగు, అట్లాంటి ఊరు. ఒక విషయం ఇంట్లో ఎంతకీ తేలక ఇక్కడ పెడుతున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా చెల్లి జూనియర్ కాలేజీలో ఉన్నప్పుడు సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తజబ్బు) క్యాంపు పెట్టి అందరి రక్తం తీసుకున్నారు. తర్వాత కార్డు ఇచ్చారు, అందులో ‘ఏఎస్’ అని ఉంది, అంటే వాహకురాలు. దానికి ఒంట్లో ఏ బాధా లేదు, పత్తి ఏరడానికి వెళ్తే నాకంటే ముందే సంచి నింపుతుంది. ఇప్పుడు అహేరి వైపు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి నెమ్మదస్తుడు, చెల్లికి నచ్చాడు, వచ్చే నెలలో పూలుపండ్లు పెట్టుకుందాం అంటున్నారు. అమ్మ ఆ కార్డు తీసి బీరువాలో చీరల కింద పెట్టేసింది. ‘ఆడపిల్లకు రోగం అని ఒక్కసారి పేరు పడిందా, ఇక మన గడప తొక్కేవాడు ఉండడు’ అంటుంది. నాన్న ఎప్పటిలాగే ఏమీ మాట్లాడడు. చెల్లేమో ‘నువ్వెట్ల చెప్తే అట్ల, అక్కా’ అని నా మీద వదిలేసింది.

ఇంకో చిక్కు ఏంటంటే, మా ఊరి ఆశా తాయి (ఆరోగ్య కార్యకర్త) ఆ అబ్బాయి తల్లికి వరసకు అక్క అవుతుంది. క్యాంపు లిస్టు ఆమె దగ్గరే ఉంది. మొన్న బోరింగు దగ్గర నన్ను పక్కకు పిలిచి, ‘మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? రేపు పుట్టే బిడ్డకు ఏమన్నా అయితే మా చెల్లె నా మొహం చూడదు’ అన్నది. బెదిరించినట్టు కాదు, నిజంగానే ఆమెకు కూడా టెన్షన్‌గా ఉంది.

చెప్పకపోతే అది మోసం అవుతుందా? ఆమె తనంతట తాను చెప్పేయొచ్చా? ఈ రెండే నా ప్రశ్నలు. దేవుడి మీద భారం వెయ్యమని మాత్రం ఎవరూ రాయొద్దు, అది మా అమ్మ రోజూ చెప్తూనే ఉంది.


బల్లార్షా_ల్యాబ్:

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఈ పరీక్షలు చేసే పనే నాది. ముందు ఒకటి అడుగుతా, ఆ కార్డు ఏ పరీక్ష చేసి ఇచ్చారు? క్యాంపుల్లో చాలాచోట్ల మొదట చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. వేలు గుచ్చి రక్తం తీసి చిన్న గొట్టంలో ఉన్న మందులో కలుపుతాం, కాసేపు ఆగి గొట్టం వెనక గీతలు గీసిన కాగితం పెట్టి చూస్తాం. గీతలు స్పష్టంగా కనిపిస్తే సికిల్ లేదు, మసకబారి కనిపించకపోతే ఉంది. అంతే. ఉందా లేదా అన్నది తప్ప, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చిందా ఇద్దరి నుంచీ వచ్చిందా అన్నది అది చెప్పలేదు. ఏఎస్సా (ఒక్కరి నుంచే వచ్చింది, వాహకులు), ఎస్ఎస్సా (ఇద్దరి నుంచీ వచ్చింది, జబ్బే ఉంది) తేల్చాలంటే ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ చేయాలి. కార్డు మీద ఏఎస్ అని రాశారంటే ఆ రెండో పరీక్ష అయ్యే ఉండాలి, అయినా రిపోర్టు కాగితం ఉందేమో చూసుకోండి.

ఇక అసలు లెక్క. మీ చెల్లి ఏఎస్, అబ్బాయికి ఏమీ లేదు అనుకోండి, వాళ్ళకు ఎస్ఎస్ బిడ్డ పుట్టదు. కొందరు పిల్లలు చెల్లిలాగే వాహకులు కావచ్చు, అంతవరకే. ఇద్దరూ ఏఎస్ అయితేనే సమస్య. అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఎస్ఎస్‌కి ఉంటుంది. ‘ప్రతి కాన్పులోనూ’ అన్నది గట్టిగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని ధైర్యంగా కన్నవాళ్ళను నేను చూశాను.

అందుకే మీరు ‘చెల్లి సంగతి చెప్పాలా’ అని అడుగుతుంటే నాకు వింతగా ఉంది. చెల్లి కార్డు ఒక్కటే చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. అబ్బాయి పరీక్ష ఏది? అతనికి చేయించేటప్పుడు కూడా గొట్టం పరీక్షతో సరిపెట్టకండి, హెచ్‌పీఎల్‌సీ అడగండి. అతనికి సికిల్ లేకపోయినా బీటా తలసీమియా అనే ఇంకో వంశపారంపర్య రక్తజబ్బుకు వాహకుడై ఉంటే గొట్టం పరీక్షలో అది పట్టుబడదు, సికిల్ వాహకురాలికీ తలసీమియా వాహకుడికీ పుట్టే బిడ్డకు కూడా సికిల్ లాంటి జబ్బే రావచ్చు. ఈ మధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఫలితం తారుమారవుతుంది.


రాజురా_పెదనాన్న:

చెప్పాలి. ఇందులో ఆలోచించడానికి ఏముంది? వెయ్యి అబద్ధాలు ఆడి అయినా ఒక పెళ్ళి చెయ్యమన్న వాడెవడో సికిల్ బిడ్డ రాత్రంతా కాళ్ళు పట్టుకుని ఏడవడం చూసి ఉండడు. మా బంధువుల్లో ఒక పిల్లవాడు అలాగే ఉన్నాడు. వానాకాలం మొదలైతే చాలు, ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. పుట్టాక పరీక్ష చేస్తే తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులని తేలింది, తల్లికి ఆ సంగతి పెళ్ళికి ముందే తెలుసని ఆ తర్వాత బయటపడింది. ఆ అమ్మాయి ఆ ఇంట్లో ఇప్పటికీ తలెత్తుకోలేదు. మీ అమ్మగారు ఈ రోజు పరువు కోసం చూస్తున్నారు, రేపు మీ చెల్లి ఏ ఇంట్లో ఉండాలో అది చూడడం లేదు. చెప్తే పోయే సంబంధమైతే పోనివ్వండి.


ఆలాపల్లి_లా (నాగ్‌పూర్‌లో చదువు):

పెదనాన్నగారూ, మీ మాటలో బాధ ఉంది, కాదనను. కానీ ఒకటి గమనించారా, తండ్రి కూడా వాహకుడే కదా, ఆ ఇంట్లో తలదించుకున్నది తల్లి ఒక్కతే! ‘ఆమెకు తెలుసు’ అంటున్నారు, సరే, ఆయన పరీక్షే చేయించుకోలేదు కాబట్టి ఆయన తప్పు లేనట్టా? పరీక్ష చేయించుకున్న పాపానికి అమ్మాయి దోషి, చేయించుకోని పుణ్యానికి అబ్బాయి నిర్దోషి! మన దగ్గర క్యాంపులు ఎక్కువ బడులు, కాలేజీలు, గర్భిణుల దగ్గర జరుగుతాయి. చదువు మానేసి హైదరాబాద్‌కు కూలికి పోయిన కుర్రాడి రక్తం ఎవరూ తీసుకోరు. అలా చూస్తే కార్డులు ఎవరి చేతిలో ఎక్కువ ఉంటాయో ఆలోచించండి.

అక్కా, మీ రెండో ప్రశ్నకు నాకు తెలిసిన చట్టం చెప్తా. డాక్టర్ల ప్రవర్తన మీద 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం రోగి సంగతి బయటికి చెప్పకూడదు. కోర్టు అడిగితేనో, ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బు అయితేనో, ఫలానా మనిషికి తీవ్రమైన ప్రమాదం ఉందని స్పష్టంగా తెలిస్తేనో తప్ప. ఈ మూడో మినహాయింపు దగ్గరే అందరూ 1998 నాటి సుప్రీం కోర్టు తీర్పు ఎత్తుతారు. ‘మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్’ కేసు. ఒకాయన ఒక రోగి ఆపరేషన్ కోసం రక్తం ఇస్తే హెచ్‌ఐవీ ఉందని తేలింది, ఆసుపత్రి ద్వారా ఆ సంగతి బయటికి పొక్కి పెళ్ళి ఆగిపోయింది. ఆయన కేసు వేస్తే కోర్టు, పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి ఆరోగ్యం కూడా హక్కే కాబట్టి ఆసుపత్రి తప్పు లేదంది. ఆ తీర్పులో, అలాంటి వ్యక్తికి పెళ్ళి హక్కే ఉండదన్నట్టుగా రాసిన మాటలు అవసరం లేనివని 2002లో మళ్ళీ ఆ కోర్టే చెప్పింది.

మీ విషయానికి అది అతకదని నా అభిప్రాయం. సికిల్ అంటుకునేది కాదు. మీ చెల్లిని చేసుకుంటే ఆ అబ్బాయికి ఏమీ కాదు. ప్రమాదం ఉంటే గింటే ఇంకా కడుపున పడని బిడ్డకు, అదీ అబ్బాయి కూడా వాహకుడైతేనే. అబ్బాయి తన పరీక్ష తాను చేయించుకుంటే ఆ ప్రమాదం ఉందో లేదో తెలిసిపోతుంది, మీ చెల్లి పేరు ఎత్తాల్సిన పనే లేదు. దారి అంత సులువుగా ఉన్నప్పుడు గుట్టు విప్పడానికి సాకు ఎక్కడిది? ఆశా తాయి నోరు విప్పకూడదు. చుట్టరికం ఉంది కాబట్టి అసలు విప్పకూడదు, ఆమె చేతికి లిస్టు వచ్చింది పెద్దమ్మగా కాదు కదా.

చట్టం పక్కన పెడితే, పెళ్ళి చేసుకునేవాడి దగ్గర మీ చెల్లి దాచడం నాకూ నచ్చదు. కానీ చెప్పాల్సింది అబ్బాయికి, చెప్పాల్సిన మనిషి మీ చెల్లి. అత్తగారికీ, పెద్దమనుషులకూ, ఊరికీ కాదు.


నర్సమ్మ:

భామరాగడ్ వైపు ఉపకేంద్రంలో పనిచేశాను, ఇప్పుడు బదిలీ అయింది. ఆశాల తరఫున కూడా ఒక మాట చెప్పనివ్వండి. పైనుంచి వచ్చేది టార్గెట్. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ జాతీయ మిషన్ మొదలుపెట్టినప్పుడు నలభై ఏళ్ళ లోపువాళ్ళు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నారు, 2047కు జబ్బు లేకుండా చేయాలన్నారు. మంచిదే, నేను వద్దనను. కానీ ఊళ్ళో అది ఎలా దిగుతుందంటే, ఈ వారం ఇన్ని రక్తాలు, సాయంత్రానికి ఫోన్‌లో ఎంట్రీలు, సిగ్నల్ లేకపోతే చెట్టెక్కినంత పని. కౌన్సెలింగ్ అని ఒక గడి ఉంటుంది, టిక్ పెడతాం. ఆ టిక్కు వెనక నిజంగా ఎవరితో ఎంతసేపు మాట్లాడామో అడిగేవాడు లేడు.

కాగితం మరాఠీలో ఉంటుంది. ముసలమ్మకు మరాఠీ రాదు, మనవరాలు ఎనిమిదో తరగతి, చదివి చెప్పమంటే సిగ్గుపడుతుంది, ‘ఏదో రక్తం పరీక్ష అంట, వేలు పెట్టు అవ్వా’ అంటుంది. అదే సమ్మతి. కార్డులు ఇచ్చేటప్పుడైతే నేనే ఒక బడిలో చూశాను, వరండాలో పేర్లు పిలిచి పంచుతున్నారు, ఫలితాన్ని బట్టి కార్డు రంగు మారుతుంది కదా, ఎవరిది ఏ రంగో పక్కవాడికి కనిపిస్తూనే ఉంది. సాయంత్రానికి పిల్లలు ఒకమ్మాయిని ‘సికిల్’ అని పిలవడం మొదలుపెట్టారు, ఇక అదే పేరైపోయింది.

ఆశా తాయి లిస్టు పట్టుకుని టెన్షన్ పడుతోందంటే ఆమె చెడ్డదని కాదు. ఆమెకు లిస్టు ఇచ్చారు కానీ ఎవరితో ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. మీరు ఆమెతో పోట్లాడకండి. ‘ఊళ్ళో పెళ్ళికాని కుర్రాళ్ళందరికీ పరీక్ష పెట్టించు, అబ్బాయి ఊళ్ళో ఉన్న ఆశాతో కూడా మాట్లాడు’ అనండి. అది ఆమె చేయగల పని, చేయాల్సిన పని కూడా.


రాయగడ_ఎస్ఎస్:

ఇంతమంది మాట్లాడారు, జబ్బు ఉన్నవాడు ఒక్కడూ మాట్లాడలేదు. నేను ఎస్ఎస్. మాది ఒడిశాలో రాయగడ జిల్లా, ఇక్కడా ఇదే కథ, కాగితాలు మాత్రం ఒడియాలో వస్తాయి.

పెదనాన్నగారు రాసిన ఆ పిల్లవాడి లాంటివాణ్ణే నేను. నొప్పి వస్తే ఎలా ఉంటుందో రాయను, రాస్తే మీరు జాలిపడతారు, నాకు అది వద్దు. హైడ్రాక్సీయూరియా మాత్ర మొదలుపెట్టాక నొప్పులు బాగా తగ్గాయి. చలికి ఒళ్ళు కప్పుకోవాలి, నీళ్ళు బాగా తాగాలి, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. షాపు నడుపుకుంటున్నాను, పెళ్ళయింది, కూతురు ఉంది, వాహకురాలు, ఎగిరి గంతులేస్తుంది.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ‘నిర్మూలన’ అంటారు చూడండి. గోడల మీద రాస్తారు. మలేరియాను నిర్మూలిస్తామంటే దోమను చంపుతారు. సికిల్‌ను నిర్మూలించడానికి చంపేందుకు దోమ లేదు, అది మా ఒంట్లోనే ఉంది. కాబట్టి ఆ మాటకు అర్థం మాలాంటివాళ్ళు ఇక పుట్టకుండా చూడడమనే కదా? మీటింగుల్లో మా ముందే అంటారు, ‘ఇట్లాంటి పిల్లలు పుట్టకుండా జాగ్రత్తపడాలి’ అని. నేను కుర్చీలో కూర్చుని వింటూ ఉంటాను.

అలాగని పరీక్ష వద్దనను. మా అమ్మానాన్నలకు ముందే తెలిసి ఉంటే నాకు చిన్నప్పుడే మందులు అందేవి, అనవసరంగా మంత్రాలకూ తాయెత్తులకూ అప్పులు చేసేవాళ్ళు కాదు. పరీక్ష దేనికి అన్నదే నా గొడవ. పుట్టినవాడికి మందు అందడానికైతే పరుగెత్తుకుని వస్తా. ఫలానా వాళ్ళను పెళ్ళిలోంచి ఏరి పారెయ్యడానికైతే నా రక్తం ఇవ్వను. మా దగ్గర ఆసుపత్రిలో కొన్ని నెలలు మాత్ర ఉండదు, క్యాంపు మాత్రం ఉంటుంది! 2023 చివర్లో బ్రిటన్‌లో, అమెరికాలో ఈ జబ్బుకు జన్యువునే సరిచేసే చికిత్సకు అనుమతి ఇచ్చారు, అమెరికాలో ఒక్కరికి 22 లక్షల డాలర్లు. అది మన రాయగడకు ఎప్పుడొస్తుందో నన్నడగకండి, ముందు ఆ మాత్ర నెలనెలా ఇవ్వండి చాలు.


బల్లార్షా_ల్యాబ్:

రాయగడ అన్నా, మాత్రల సంగతిలో నూటికి నూరు పాళ్ళు నీదే నిజం. కానీ ఇద్దరూ వాహకులని తెలిసిన జంట మూడో నెల చుట్టుపక్కల కడుపులో బిడ్డకు పరీక్ష చేయించుకుంటామంటే, అది నిన్ను అవమానించినట్టా? ఆడా మగా చూడడం నేరం కానీ, ఇలాంటి రక్తజబ్బుల కోసం గర్భంలో పరీక్షను 1994 చట్టమే ఒప్పుకుంది. ఎస్ఎస్ అని తేలితే ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి నిర్ణయం. ఆమెను మనం తప్పు పట్టగలమా?


రాయగడ_ఎస్ఎస్:

తల్లిని ఎందుకు తప్పుపడతాను. ఆమె ముందు డాక్టరు ఏం చెప్పాడన్నదే నా ప్రశ్న. ‘బిడ్డ బతకదమ్మా, బతికినా నరకమే’ అని చెప్పి తర్వాత ‘నిర్ణయం నీదే’ అంటే అది ఆమె నిర్ణయం ఎలా అవుతుంది? ఈ జబ్బు అందరిలోనూ ఒకేలా ఉండదు, కొందరికి చాలా తీవ్రం, కొందరు ఏళ్ళ తరబడి ఆసుపత్రి మొహం చూడరు. కడుపులో చేసే పరీక్ష ఎస్ఎస్ అని చెబుతుంది కానీ ఆ బిడ్డ ఏ రకమో చెప్పదు. నాలాంటివాణ్ణి ఒక్కసారి ఆ గదిలో కూర్చోబెట్టి మాట్లాడించి, ఆ తర్వాత అడగమను. అప్పుడు ఆమె ఏది చెప్పినా దండం పెడతాను.


పర్లాకిమిడి_మాస్టారు:

రిటైరైన సైన్సు మాస్టారిని, ఊరుకోలేక రాస్తున్నాను. మీరంతా మాట్లాడుకుంటున్నది కొత్త గొడవ కాదు, వేరేచోట్ల ఇదంతా జరిగిపోయింది. లైనస్ పాలింగ్ పేరు విన్నారుగా, 1949లో ఈ జబ్బు మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని చూపించిన బృందం ఆయనదే. రసాయన శాస్త్రంలో నోబెల్, మళ్ళీ శాంతికి నోబెల్. ఆ మహానుభావుడే 1968లో ఏం రాశాడో తెలుసా, ఇలాంటి జన్యువు ఉన్న కుర్రాళ్ళ నుదుటి మీద పచ్చబొట్టు పొడిస్తే ఒకరినొకరు చూసుకుని ప్రేమలో పడకుండా ఉంటారట! పిల్లల బాధ తగ్గాలనే అన్నాడు, సందేహం లేదు. అంత దయగల మనిషికి, ఆ పచ్చబొట్టు చూసి మిగతా ఊరు ఏం చేస్తుందో తట్టలేదు. నర్సమ్మ చెప్పిన బడి వరండా చదివితే నాకు అదే గుర్తొచ్చింది.

గ్రీసులో ఆర్కోమెనోస్ అనే చోట 1970ల్లో ఊరందరికీ సికిల్ పరీక్ష చేసి, ఎవరు వాహకులో వాళ్ళకు చెప్పి, వాహకులు వాహకుల్ని చేసుకోవద్దని బోధించారు. కొన్నేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే అలాంటి పెళ్ళిళ్ళు తగ్గలేదు. వాహకులని పేరు పడ్డవాళ్ళను మిగతావాళ్ళు చిన్నచూపు చూశారు, కొందరు సంబంధాల దగ్గర సంగతి దాచేశారు. అచ్చం మీ అమ్మగారిలాగే, అక్కా. దాచడం ఆవిడ స్వభావం అనుకోకండి, ఊరు అలా ఉన్నప్పుడు ఏ తల్లైనా చేసేది అదే.

సైప్రస్ దారి వేరు. అక్కడ తలసీమియా ఎక్కువ. 1980ల్లో అక్కడి చర్చి, పెళ్ళికి వచ్చే ప్రతి జంటా పరీక్ష చేయించుకున్నట్టు కాగితం తేవాలంది. ఫలితం ఏమిటో ఆ కాగితంలో ఉండదు, చేయించుకున్నారు, సలహా విన్నారు, అంతే. ఇద్దరూ వాహకులైనా పెళ్ళి ఆపరు. చాలా జంటలు విడిపోలేదు కూడా, పెళ్ళి చేసుకుని కడుపులో ఉన్నప్పుడు పరీక్ష చేయించుకున్నారు, తలసీమియాతో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. రాయగడ అబ్బాయి ఎత్తిన ప్రశ్న అక్కడ కూడా ఉంటుంది, కాదనను. కానీ ఆడపిల్ల మీద ముద్ర వేయడం అన్న భాగం వరకు వాళ్ళు తప్పించుకోగలిగారు, ఎందుకంటే అందరూ చేయించుకున్నారు, అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకేసారి.

సమ్మతి సంగతి కూడా వచ్చింది కాబట్టి, మీ నది అవతలి ముచ్చట ఒకటి. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం లాంటి మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసి చూసే కార్యక్రమం పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారని గొడవైంది, విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు, ఆ టీకా మంచిదే, ఇప్పుడు ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. బయటపడింది ఏమిటంటే హాస్టల్లో ఉన్న గిరిజన పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. మంచి మందైనా సరే, తల్లిదండ్రులను అడగకుండా వేస్తే తర్వాత వచ్చే మంచి మందును కూడా జనం నమ్మరు. మీ దగ్గర సికిల్ క్యాంపు అంటే అడవిలోకి పోయి కూర్చునేవాళ్ళు ఉన్నారంటే ఇలాంటివే కారణం.


రాజురా_పెదనాన్న:

లా చదివే అమ్మాయి అడిగిన మాటకు నా దగ్గర సమాధానం లేదు, తండ్రిని మేమెవరం ఏమీ అనలేదు. అయినా నా మాట అదే, తెలిసి దాచకూడదు. పెళ్ళిచూపులకు ముందే ఇరువైపులా పరీక్ష అని ఎవరో ఒకరు మొదలుపెట్టాలి, జాతకం అడిగినంత మామూలుగా. జాతకం కలవలేదని సంబంధం వదులుకుంటే ఎవరి పరువూ పోదుగా.


ఆలాపల్లి_లా:

జాతకం పేరు చెప్పి కుజ దోషం ఉన్న అమ్మాయిలను ఎన్ని ఇళ్ళలో తిప్పి పంపారో మీకూ తెలుసు పెదనాన్నా 🙂 ఆ దారిలో పోతే కార్డు కూడా అదే అవుతుంది. ఇద్దరి కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకునేలా తయారుచేశారు, ఆలోచన మంచిదే, ఒక్క కార్డు చూస్తే చాలదని అందులోనే ఉంది. కానీ మన దగ్గర ఒక్క కార్డు చూసే సంబంధం వెనక్కి పోతోంది.


సిరొంచ_అక్క:

అందరికీ చాలా థ్యాంక్స్. రాయగడ అన్న రాసింది చెల్లికి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ అడిగి తీసుకుని తానే అబ్బాయితో మాట్లాడింది. నేను పక్కన లేను, ఏం చెప్పిందో మాట మాటా తెలియదు. నాకు ఇది ఉంది, నువ్వు కూడా చేయించుకో, ఇద్దరం రిపోర్టులు చూసుకుని మాట్లాడుకుందాం అన్నదట. అబ్బాయి సరే అన్నాడు. అతనికి క్యాంపులో ఎప్పుడూ చేయలేదట, లా చెల్లి చెప్పినట్టు అతను పదో తరగతి తర్వాత హైదరాబాద్‌లోనే ఉన్నాడు.

అమ్మకు ఇంకా చెప్పలేదు. చెబితే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆశా తాయికి మాత్రం, చెల్లే చెప్పుకుంది, నువ్వు ఇక ఆ మాట ఎత్తొద్దని చెప్పాను. ఆమె ఊపిరి పీల్చుకుంది, నిజం చెప్పాలంటే నాకంటే ఎక్కువ. నర్సమ్మ చెప్పినట్టు కుర్రాళ్ళ పరీక్ష సంగతి అడిగితే, డాక్టరమ్మతో మాట్లాడతా అంది.

చిక్కు ఇప్పుడు అబ్బాయి తల్లి. ‘మా వాడికి ఏం రోగమని పరీక్ష’ అంటున్నదట. అతను ఇంట్లో చెల్లి పేరు చెప్పకుండా, పని దగ్గర అడిగారని అబద్ధం చెప్పి చేయించుకుంటానంటున్నాడు. చెల్లి దానికి ఒప్పుకోవడం లేదు, మొదటి రోజే అబద్ధం ఎందుకు అంటుంది. నాకైతే ఆ చిన్న అబద్ధంలో తప్పు కనిపించడం లేదు. ల్యాబ్ అన్నా, హెచ్‌పీఎల్‌సీ ఎక్కడ చేయించాలి, ఖర్చు ఎంత అవుతుంది, ఇద్దరూ ఒకేచోట చేయించాలా?


బల్లార్షా_ల్యాబ్:

ఒకేచోట అవసరం లేదు. అబ్బాయి హైదరాబాద్‌లోనే ఉన్నాడు కాబట్టి అక్కడే చేయించుకోమనండి, ఏ పెద్ద ల్యాబ్‌లోనైనా ఉంటుంది. తిని వెళ్ళొచ్చు, పరగడుపున అక్కర్లేదు. ప్రైవేటులో ఒక్కోచోట ఒక్కో రేటు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి, డబ్బు ఇబ్బంది అయితే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో అడగండి. చెల్లి పాత రిపోర్టు దొరక్కపోతే ఆమెకు కూడా ఇంకోసారి చేయించండి, మీకు మంచిర్యాల దగ్గర. రిపోర్టులో హిమోగ్లోబిన్ ఏ, ఎస్, ఏ2, ఎఫ్ అని శాతాలు ఉంటాయి. పేరూ ఊరూ చెరిపేసి ఆ అంకెలు మాత్రం నాకు మెసేజ్ పెట్టండి, ఇక్కడ పెట్టకండి. ఏ2 ఎక్కువగా ఉంటే నన్ను అడిగి ఊరుకోకండి, రక్తజబ్బుల డాక్టరుకు చూపించండి.

అబద్ధం గురించి నన్ను లాగకండి, అది మీ ఇంటి సంగతి. కానీ అబ్బాయి మేజరు, తన రక్తం పరీక్షకు వాళ్ళమ్మ అనుమతి అక్కర్లేదు. అబద్ధం కూడా అక్కర్లేదు.